కుడి పక్క సీటు

ఆ వేసవిలో మా మామగారి బండిలో కుడి పక్క సీటులో, నడిపే ఆయన పక్కన, కూర్చోమని నన్ను పంపింది నా మొగుడు వేడ్.

"బడి బస్సుకు ఎలాగూ సెలవులే కదా నెడ్రా. నా భుజం చూస్తే ఇలా ఉంది. నాన్నని ఒంటరిగా ఎలా పంపమంటావు?" అన్నాడు.

చలికాలం చివర ధాన్యం గాదె నిచ్చెన మీంచి జారిపడి భుజం విరగ్గొట్టుకున్నాడు వేడ్. కట్టు విప్పి చాలా రోజులే అయింది. కానీ రేసు బండి బెల్టు సరిగ్గా ఆ భుజం మీదే బిగుస్తుందని, ఆ నొప్పి తనవల్ల కాదని అన్నాడు. నమ్మాను. మొగుడు నొప్పి అంటే నమ్మకపోవడం ఏమిటి?

మా ఊరు అమెరికా నడుమ నెబ్రాస్కా రాష్ట్రంలో మొక్కజొన్న చేల మధ్య చిన్న ఊరు. ఆ ఊరి పేరు వినని వాళ్ళు కూడా ఎల్డన్ కొపెకీ పేరు విన్నారు, పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్ళయితే. ఆయనే మా మామగారు. పందొమ్మిది వందల ముప్పై తొమ్మిది నాటి రెండు తలుపుల షెవర్లే కూపే కారుకి లారీని లాగేంత ఇంజను బిగించి, ప్రతి వేసవీ రోడ్డెక్కేవారు. ఒక ఊళ్ళో డ్రాగ్ స్ట్రిప్ అనే తిన్నటి రేసు బాట మీద పావు మైలు పరుగు తీయాలి. రేసు టైర్లు విప్పి, మామూలు టైర్లు తొడిగి, సామానంతా వెనక తగిలించిన చిన్న ట్రైలరులో వేసుకుని, అదే బండిని నడుపుకుంటూ ఇంకో ఊరి స్ట్రిప్ చేరాలి. దాన్ని లారీ మీద ఎక్కించారో, ఆట నుంచి అవుట్. జూన్‌లో మొదలైతే ఆగస్టు దాకా నెబ్రాస్కా, కాన్సస్, ఓక్లహోమా ఇలా తిరగడమే.

ఎక్కేటప్పుడే నాకు ఊపిరాడలేదు. లోపల ఇనప గొట్టాల పంజరం. వాటి మధ్య నుంచి వంగి, కాలు మడిచి, నడుం తిప్పి సీట్లో పడాలి. భుజాల మీంచి రెండు బెల్టులు, నడుముకు ఒకటి, తొడల మధ్య ఒకటి. నా వైపు తలుపుకి లోపలి పిడి లేదు, బరువు తగ్గించడానికి ఎప్పుడో పీకేశారు. బయటినుంచి ఎవరో ఒకరు తీస్తేనే దిగాలి. కాళ్ళ కింద రేకు పొయ్యి మీద పెనంలా కాలుతుంటుంది. ఇంజను మోతలో మాట వినపడాలంటే అరవాలి.

"నీ పనేంటో తెలుసా అమ్మాయ్? దారి కాగితం చదవడం. ఎర్ర లైటుంటే ఎర్ర లైటని, ముందు బండి ఆగితే ఆగిందని, మలుపొస్తే మలుపని చెప్తూ ఉండాలి. నోరు మూసుకుని కూర్చోకూడదు. మీ అత్తయ్య అలాగే చెప్పేది" అన్నారు మామయ్య.

"నేను బస్సు నడుపుతాను మామయ్యా. నాకు చెప్పేవాళ్ళెవరూ ఉండరు."

"బస్సు వేరు, ఇది వేరు."

ఆయన మాట్లాడేటప్పుడు మనిషి మొహంలోకి చూడరు. మెడ కొంచెం తిప్పి, మన చెవి వెనక ఎవరో నిలబడ్డట్టు అటు చూస్తారు. పెద్ద పేరున్న మనిషి, కోడలి మొహం చూసి మాట్లాడ్డమేంటన్న గీర కాబోలు అనుకునేదాన్ని.

మొదటి స్ట్రిప్‌లో జనం ఆయన్ని చూసి చేతులూపారు, భుజం తట్టారు. చిన్నప్పట్నుంచి ఆయనతో పోటీ పడుతున్న డ్యూయీ అనే ముసలాయన తన ఫోర్డు బండి దిగి వచ్చి, "ఏరా ఎల్డన్, ఇంకా చావలేదా?" అని పలకరించాడు. "నిన్ను సాగనంపాలిగా, నీకంటే ముందు ఎలా పోతాను?" అన్నారు ఈయన. పావు మైలు గోడల మధ్య గీత గీసినట్టు వెళ్ళి డ్యూయీని ఓడించారు. పరుగు తీసేటప్పుడు పక్కన ఎవరినీ కూర్చోనివ్వరు. కంచె దగ్గర నిలబడి నేనూ చప్పట్లు కొట్టాను.

కాన్సస్‌లో అడుగుపెట్టాక ఒక పొద్దున మా ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. నేను చదివిన మలుపు తప్పని ఆయన, కాదని నేను. మలుపు నేను చెప్పినదే అయింది. అయినా ఆయన తప్పు ఒప్పుకోలేదు. నాకు ఒళ్ళు మండి నోరు మూసుకున్నాను. చెప్పకపోతే ఏమవుతుందో చూద్దాం అనుకున్నాను.

గోధుమ కోసేసిన పొలాల మధ్య తిన్నటి రోడ్డు. ఎదురుగా నాలుగు దారుల కూడలి. ఆగమని ఎర్ర బోర్డు, మైలు దూరం నుంచే కనిపిస్తోంది. ఆయన కాలు తీయలేదు. అదే వేగంతో కూడలి దాటేశాం. అటూ ఇటూ ఎవరూ రాలేదు కాబట్టి బతికాం.

"బోర్డు చూళ్ళేదా?" అని అరిచాను.

"ఏ బోర్డు?" అన్నారు. వెంటనే సర్దుకుని, "చూశాను. ఎవరూ రావట్లేదుగా!" అన్నారు.

 కాసేపు ఆయన చేతుల వంకే చూశాను. స్టీరింగు మీద స్థిరంగా ఉన్నాయి. తల మాత్రం కొంచెం కుడికి తిరిగి, కళ్ళు ఎడమ గట్టు వెంట తడుముకుంటూ వస్తున్నాయి. రోడ్డు మీద మేం తప్ప పురుగు కూడా లేదు.

"ముందు నీలం బండి ఆగుతోంది మామయ్యా" అన్నాను.

ఆయన బ్రేకు మీద నిలబడ్డారు. బెల్టులు నా భుజాలు కోసేశాయి. వెనక ట్రైలరు అడ్డం తిరగబోయి నిలబడింది. రోడ్డు ఖాళీగా ఉంది. ఎండమావి తప్ప ఏమీ లేదు.

"వెళ్ళిపోయిందా?" అన్నారు ఆయన.

"వెళ్ళిపోయింది" అన్నాను. 

తర్వాతి ఊళ్ళో పెట్రోలు బంకు దగ్గర ఆగాం. ఆయన వచ్చి నా తలుపు తీశారు. తలుపు పిడి కోసం ఆయన చెయ్యి రేకు మీద తడుముకోవడం మొదటిసారి గమనించాను. అన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాను, గమనించలేదు. నేను బంకు వెనక్కి నడిచి, మంచు గడ్డలమ్మే పెట్టె నీడలో నిలబడి వేడ్‌కి ఫోన్ చేశాను.

"మీ నాన్నకి కళ్ళు కనపడట్లేదు వేడ్."

అవతల గ్యారేజీలో రేడియో మోగుతోంది. అది ఆగిపోయింది.

"ఇప్పుడెక్కడున్నారు మీరు?" అన్నాడు.

"నేను చెప్పింది విన్నావా?"

"విన్నాను. చూడు నెడ్రా, కుడి పక్కనుంచి వచ్చేవి కాస్త ముందుగా చెప్పు. ఎడమ అంచున ఆయనకి ఇంకా ఆనుతుంది. నట్టనడుమ ఉన్నదే కనపడదు. పెద్దగా, ఒక్క మాటలో చెప్పాలి. అదిగో, ఇదిగో అంటే లాభం లేదు. బ్రేకు అను, చాలు. ఊళ్ళలో అయితే పక్క బండి ఎంత దూరంలో ఉందో చెప్తూ ఉండు."

నాకు బస్సు నేర్పినాయన కూడా అచ్చం అలాగే, అంతే ఓపిగ్గా చెప్పేవాడు. ఫోను చెవికి ఆనించుకుని మంచు పెట్టె మీద చెయ్యి వేశాను. చల్లగా తగిలింది.

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళు. ఇది మూడో వేసవి. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టేయించుకున్నాడు నాన్న."

"నీ భుజం ఎలా ఉంది?"

అవతల రేడియో మళ్ళీ మోగింది.

"నీళ్ళు బాగా తాగుతూ ఉండు. ఎండలు మండిపోతున్నాయంట కదా అక్కడ" అన్నాడు.

ఫోను పెట్టేసి బండి దగ్గరికి వచ్చాను. మామయ్య ఇంజను మూత తెరిచి గొట్టాలు తడిమి చూస్తున్నారు. ఆ చేతులకు కళ్ళతో పనిలేదు.

"వాడేమన్నాడు?" అన్నారు, తల ఎత్తకుండానే.

"ఇక్కణ్ణుంచి నేను నడుపుతాను మామయ్యా. మీరు కుడి వైపు కూర్చోండి."

"ఈ స్టీరింగు ఇంకొకళ్ళు ముట్టుకోలేదు. నువ్వు నడుపుతూ లోపలికొస్తే ప్రతివాడూ ఎందుకని అడుగుతాడు. వద్దు."

"అయితే నేను దిగిపోతాను. బస్సెక్కి ఇంటికి పోతాను."

"పో" అన్నారు శాంతంగా. "నేను మాత్రం తర్వాతి స్ట్రిప్‌కి వెళ్తాను. దారి నాకు తెలుసు."

ఆయన బెదిరించడం లేదు. వెళ్తారు. కూడలుల్లో ఆగకుండా, పిల్లల్ని సైకిళ్ళ మీద చూడకుండా, ఒక్కరే వెళ్తారు. నేను చిన్న పిల్లల్ని బస్సులో తిప్పేదాన్ని. రైలు పట్టాలొస్తే ఖాళీ బస్సయినా సరే ఆపి, తలుపు తెరిచి, చెవొగ్గి విని గానీ కదలను. పోలీసులకు చెబుదామా అంటే, ఆయన వేడ్ తండ్రి, ఆ ఊళ్ళో నేను బతకాలి. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి.

"ఈ ఒక్క వేసవీ, అమ్మాయ్. ఇదే ఆఖరు" అన్నారు. ఆయన గొంతు అలా వినడం అదే మొదలు. నా చెవి వెనక ఉన్న ఎవరినో బతిమాలుతున్నట్టుంది.

నేను వంగి, కాలు మడిచి, నడుం తిప్పి లోపల పడ్డాను. ఆయన తలుపు వేశారు.

ఆ తర్వాతి వారాల గురించి పెద్దగా చెప్పేందుకు లేదు, నేను చూసిందల్లా రోడ్డే కాబట్టి. పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా నా నోట్లోంచి నాలుగైదు మాటలే వచ్చేవి. ఎరుపు. పచ్చ. బ్రేకు. ట్రాక్టరు. కుడి. కళ్ళు ఆర్పాలన్నా భయం. రాత్రి మంచం మీద పడుకున్నా పెదాలు కదిలేవి. రాను రాను ఆయన నా గొంతుకు ఎంత అలవాటు పడ్డారంటే, నేను "బ్రే" అనేసరికే కాలు పడేది. ఒక్కోసారి బాగా నడిపినందుకు ఆయనకు ఉషారొచ్చి, "చూశావా, మనిద్దరం కలిస్తే ఒక మంచి డ్రైవరం" అని నవ్వేవారు. నాకూ నవ్వొచ్చేది. ఆ నవ్వు గుర్తొస్తేనే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వేడ్ రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళం.

ఆగస్టులో మళ్ళీ నెబ్రాస్కాలోకి వచ్చాం. ఆఖరి స్ట్రిప్ ఇంకెంతో దూరం లేదు. రోడ్డు మరమ్మతులని ముందే బోర్డులు, అంచున వరసగా పెట్టిన డ్రమ్ములు ఉన్నాయి. "వేగం తగ్గించండి, పనులు జరుగుతున్నాయి" అని చెప్పాను. ఆయన తగ్గించారు. అప్పుడే కిటికీలోంచి కందిరీగ ఒకటి వచ్చి నా మెడ దగ్గర బెల్టు కింద దూరింది. కుట్టింది. మళ్ళీ కుట్టింది. కట్టేసి ఉన్నదాన్ని, తప్పుకోవడానికి లేదు. తల వంచి, చేత్తో బెల్టు లాగి దాన్ని నలిపేశాను.

తల ఎత్తేసరికి ఎదురుగా ఒక అమ్మాయి నిలబడి ఉంది. నారింజ రంగు కోటు. చేతిలో ఆగమని చెప్పే పలక పట్టుకున్న కర్ర. మా వంకే చూస్తోంది, ఎలాగూ ఆగుతాంలే అన్నట్టు.

నా నోట మాట రాలేదు. అన్ని వారాలు అరిచిన దాన్ని, ఆ ఒక్క క్షణం రాలేదు. చెయ్యి చాచి స్టీరింగు నా వైపు లాగేశాను. ఆ అమ్మాయి పక్కకు దూకింది. పలక మా బండికి తగిలి విరిగి ఎగిరింది. గడ్డిలోకి దూసుకుపోయి ఆగాం.

దుమ్ము తగ్గింది. ఇంజను ఆగిపోయింది. అంత నిశ్శబ్దం ఆ బండిలో ఎన్నడూ లేదు.

"డ్రమ్ముకు తగిలామా?" అన్నారు మామయ్య.

"మనిషి" అన్నాను.

ఆయన చేతులు స్టీరింగు మీంచి జారి ఒళ్ళో పడ్డాయి.

ఆ అమ్మాయి లేచి వచ్చింది. మోచెయ్యి గీసుకుపోయి రక్తం కారుతోంది, అంతే. వచ్చి ఆయన వైపు తలుపు మీద అరచేత్తో బాదింది. "కళ్ళు కనపడట్లేదా నీకు? ఏయ్ ముసలాయనా, నిన్నే! కళ్ళు దొబ్బాయా?"

ఆయన ఆ గొంతు వైపు మొహం తిప్పి అలాగే ఉండిపోయారు. 

"కందిరీగ కుట్టింది" అన్నాను నేను. "నన్ను. నేను కంగారుపడి..."

అబద్ధం కాదు. నిజమూ కాదు. ఆమె నా మెడ మీద వాపు చూసింది. ఏదో అనబోయి, ఏడుపొచ్చినట్టుంది, "పొండి. ముందు ఇక్కణ్ణుంచి పొండి" అని వెనక్కి తిరిగింది. 

మామయ్య తనంతట తానే దిగి, బండి చుట్టూ రేకు తడుముకుంటూ వచ్చి నా తలుపు తీశారు. నేను దిగాను. ఆయన కుడి పక్క కూర్చున్నారు. ఆ స్టీరింగు నేను మొదటిసారి పట్టుకుంది అప్పుడే. అది ఆయన చెమటతో తడిగా ఉంది. స్ట్రిప్ దాకా నేనే నడిపాను.

గేటుకు ఇవతల, "ఇక్కడ ఆపు" అన్నారు. "లోపలికి నేను తీసుకెళ్తాను."

నడక వేగమే కదా, నేను పక్కనే ఉంటాను కదా అనుకుని ఆపాను. అందరూ చూసే చోట ఆ మాత్రం పరువు దక్కనిద్దాం అనుకున్నాను. కానీ లోపలికెళ్ళాక ఆయన బండ్లు నిలుపుకునే డేరాల వైపు తిప్పలేదు. "టైర్లు మార్చు" అన్నారు. "పరుగుకు వెళ్ళే బండ్ల వరస ఎక్కడుందో చెప్పు."

పక్క వరసలో డ్యూయీ ఫోర్డు ఉంది. అతను హెల్మెట్ లోంచి కన్ను గీటాడు. మా వెనక బండ్లన్నీ ఇంజన్లు రేపుతున్నాయి. మామయ్య సీట్లో సర్దుకుని, భుజాలు వెనక్కి ఆనించి ఎదురుచూశారు. బెల్టులు బిగించడం నా పని. కిటికీలోంచి వంగి, పట్టీలు చేతుల్లోకి తీసుకున్నాను.

"బిగించు" అన్నారు.

నేను బిగించలేదు.

"నెడ్రా, బిగించు. మన వంతు వచ్చేసింది."

"బిగించను మామయ్యా."

పట్టీలు వదిలేశాను. అవి ఆయన ఒడిలో పడ్డాయి. కావాలంటే ఆయనే తడుముకుని పెట్టుకోగలరు, ఆ చేతుల సంగతి నాకు తెలుసు. వరస నడిపించేవాడు రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. వెనక ఎవడో హారన్ కొట్టాడు.

"ఎంతమంది చూస్తున్నారు?" అన్నారు మెల్లగా.

"అందరూ."

ఆయన చెయ్యి బెల్టు మీదికి వెళ్ళింది. అక్కడే కాసేపు ఉంది. తర్వాత పైకి లేచి, ముందున్న మీటను కిందికి నొక్కింది. ఇంజను ఆగింది.

డ్యూయీ దిగి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందిరా? గేరు పెట్టె పోయిందా?"

"బండికేం కాలేదు డ్యూయీ. నాకు కనపడట్లేదు."

"మా ఆవిడ కూడా రోజూ అదే అంటుంది నన్ను" అని నవ్వాడు డ్యూయీ. మామయ్య మొహం వంక ఇంకొంచెంసేపు చూశాడు. నవ్వు ఆగిపోయింది. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, ఇంకేమీ అడక్కుండా, వెనక్కి వెళ్ళి బండిని తొయ్యడానికి వంగాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇల్లు చేరాం. దారంతా నేనే నడిపాను. వేడ్ వంట చేసి ఉంచాడు. పంది మాంసం, పుల్లటి క్యాబేజీ, ఉడకబెట్టిన పిండి ముద్దలు, వాళ్ళమ్మ చేసేవే. రెండు చేతులతో బరువైన ఇనప గిన్నె ఎత్తి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మామయ్య గోడ పట్టుకుని, దాచుకోకుండా, ఒక్కో కుర్చీ తడుముకుంటూ వచ్చి కూర్చున్నారు. వేడ్ అది చూసి నేల చూపులు చూశాడు.

"నావల్ల కాలేదు నెడ్రా" అన్నాడు వంటింటి గడప దగ్గర, వాళ్ళ నాన్నకు వినపడకుండా. "రెండేళ్ళు కూర్చున్నాను. నిద్రలో కూడా అరిచేవాణ్ణి, నీకు తెలుసుగా. వద్దని ఆయనకి చెప్పలేకపోయాను."

"అందుకని నన్ను కూర్చోబెట్టావు."

"నీకైతే చేతనవుతుందనుకున్నాను. నువ్వు జాగ్రత్త మనిషివి."

అతను నన్ను పొగుడుతున్నాననే అనుకున్నాడు. నిజంగానే. అది అతని మొహంలో చూశాక నాకు కోపం కూడా రాలేదు. చాలా అలసటగా అనిపించింది, అంతే. ఆకలి లేదని చెప్పి పైకి వెళ్ళి పడుకున్నాను. బడులు తెరిచే వారంలో పక్క ఊళ్ళో రొట్టెల కొట్టు మీద ఒక గది అద్దెకు తీసుకుని వెళ్ళిపోయాను. వేడ్ ఆదివారాలు వచ్చి కింద కారులో కూర్చునేవాడు. ఒక్కోసారి దిగి వెళ్ళి మాట్లాడేదాన్ని, ఒక్కోసారి వెళ్ళేదాన్ని కాదు. మా సంగతి ఇంకా తేలలేదు.

అక్టోబరులో చలి బట్టల కోసం పాత ఇంటికి వెళ్ళాను. గ్యారేజీ తెరిచి ఉంది. మామయ్య బల్ల ముందు కూర్చుని ఏదో ఇంజను ముక్క నూనెగుడ్డతో తుడుస్తున్నారు.

"ఎవరది?" అన్నారు అడుగుల చప్పుడు విని. ఇదివరకు ఆ మాట ఎప్పుడూ అడిగేవారు కాదు. ఎవరొచ్చినా చూసినట్టే, తెలిసినట్టే పలకరించేవారు.

"నేను మామయ్యా, నెడ్రాని."

"రా. వాడు లేడు, పొలాల వైపు వెళ్ళాడు. కూర్చో."

కూర్చోలేదు. బల్ల అంచున ఆనుకుని నిలబడ్డాను. ఆయన ఆ ముక్కను తుడిచి పక్కన పెట్టి, ఇంకొకటి తీసుకుని, దాన్నీ పక్కన పెట్టేశారు.

"ఆ అమ్మాయి" అన్నారు. "ఆ రోడ్డు మీద అమ్మాయి. ఎలా ఉంటుంది?"

చెప్పాను. పాతికేళ్ళలోపే ఉంటుందన్నాను. ఎండకు కమిలిన బుగ్గలు, ముక్కు మీద మచ్చలు, గోధుమ రంగు జడ టోపీ వెనకనుంచి బయటికి లాగి ఉందన్నాను. కోటు తనది కానట్టుంది, చేతులు పొడుగై మడిచి పెట్టుకుంది. బూట్లకు తారు అంటుకుని ఉంది. ముందు పళ్ళ మధ్య చిన్న సందుంది, అరిచేటప్పుడు కనపడింది. ఒక చెవికే పోగు ఉంది.

ఆయన వింటూ ఉండిపోయారు, మెడ తిప్పకుండా, మొహం నేరుగా నా వైపు పెట్టి.

"మళ్ళీ ఒకసారి చెప్పు" అన్నారు.

చెప్పాను.